హైదరాబాద్ నుంచి డాలస్‌కి దూరమెంత, అసలు ఎన్ని గంటలు పడుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టుకి దూరం 14,400 కి.మీ., విమాన ప్రయాణం 18 గంటల పైచిలుకు అని ఒక సైట్ చూపిస్తోంది. టికెట్లు వెతికితే ఒకటి 22 గంటలు, ఇంకొకటి 26, మరొకటి 31 గంటలు. తిరుగు టికెట్‌లో గంటలు తగ్గిపోతున్నాయి, తేదీ మాత్రం రెండు రోజులు ముందుకు జరుగుతోంది. అమ్మానాన్నలు మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి ఏ లెక్క నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నారు.

నేను గల్ఫ్‌లో ఒక విమాన సంస్థ ఆపరేషన్స్ కంట్రోల్‌లో చాలా ఏళ్లు ఫ్లైట్ డిస్పాచర్‌గా పనిచేశాను. విమానం ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తులో ఎగరాలి, ఎంత ఇంధనం నింపాలి అన్నది కాగితం మీద తేల్చి పైలట్‌కి ఇచ్చే ఉద్యోగం అది. అమెరికా వెళ్లే పొడుగాటి రూట్లే ఎక్కువగా నా చేతుల మీదుగా వెళ్లేవి. ఆ అనుభవంతోనే చెప్తున్నాను.

ముందు నేరుగా జవాబు. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య భూగోళం మీద అతి దగ్గరి దూరం సుమారు 14,400 కి.మీ. అంటే దాదాపు 8,960 మైళ్లు. ఆ గీత మీద ఆగకుండా వెళ్లే విమానం లేదు. ఒక్క చోట దిగి విమానం మారాలి. అలా వెళ్తే రూటు ప్రకారం మొత్తం దూరం 15,400 నుంచి 15,700 కి.మీ. వరకు ఉంటుంది. వెళ్లేటప్పుడు రెండు విమానాల్లో కూర్చునే సమయం కలిపి 20 నుంచి 21 గంటలు. వచ్చేటప్పుడు 18 నుంచి 18న్నర గంటలు. దీనికి మధ్యలో ఆగే సమయం కలపండి. మీ అమ్మానాన్నలకి వెళ్లేటప్పుడు 23, 24 గంటలు, వచ్చేటప్పుడు 21, 22 గంటలు అయ్యే టికెట్ సరైన టికెట్. 31 గంటల టికెట్‌లో అదనంగా ఉన్నదంతా ఎయిర్‌పోర్టు కుర్చీలో కూర్చునే సమయమే. విమానం ఏమీ ఎక్కువ దూరం ఎగరదు.

ఇక ఆ సైట్ చూపించిన 18 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయంటారా? ఇలాంటి సైట్లు చాలావరకు దూరాన్ని గంటకు 500 మైళ్లతో భాగించి, పైకి లేవడానికి, దిగడానికి ఓ అరగంట కలుపుతాయి. 8,960ని 500తో భాగించి అరగంట కలిపితే 18 గంటల 25 నిమిషాలు. గాలి ఎటు వీస్తోంది, దారిలో ఏ దేశం ఆకాశం మూసేసింది, అసలు ఆ రూట్లో విమానం ఉందా లేదా అన్నది ఆ లెక్కలో ఉండదు. అది కూడిక, భాగహారమే తప్ప ప్రయాణ సమయం కాదు. ఒక్కో సైట్‌లో దూరం కూడా కొన్ని పదుల కిలోమీటర్లు తేడాగా కనిపిస్తుంది. కొన్ని భూమిని పూర్తి గుండ్రంగా తీసుకుంటాయి, కొన్ని ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిన ఆకారాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కొన్ని ఎయిర్‌పోర్టు నుంచి కాకుండా ఊరి నడిబొడ్డు నుంచి కొలుస్తాయి. విమానయానంలో మేం వాడే నాటికల్ మైలు 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. ఈ రెంటినీ కలిపేసిన సైట్లూ చూశాను. ఎక్కడైనా 7,785 అని కనిపిస్తే కంగారు పడకండి, అది నాటికల్ మైళ్లలో అదే దూరం.

ఇప్పుడు ఆ 14,400 కి.మీ. గీత గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దాన్ని చూస్తేనే మిగతావన్నీ అర్థమవుతాయి. గోడకి తగిలించిన ప్రపంచ పటం మీద హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీస్తే అరేబియా సముద్రం, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పడమరకి పోతుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే దాని మీద రెండు ఊళ్లకీ దారం బిగించి పట్టుకోండి. దారం పడమరకి పోదు, దాదాపు నిటారుగా ఉత్తరానికి పోతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే డాలస్ 97 డిగ్రీల పశ్చిమం మీద ఉంది. తేడా 175 డిగ్రీలు, అంటే భూగోళానికి దాదాపు అటు పక్క. అందుకే దగ్గరి దారి మన నుంచి ఢిల్లీ మీదుగా, కారకోరం కొండలు దాటి, కజకిస్తాన్, సైబీరియాలోని ఓమ్స్క్ పక్కగా ఆర్కిటిక్ సముద్రంలోకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి 500 కి.మీ. చేరువలో మలుపు తిరిగి, కెనడాలో హడ్సన్ బే పడమటి అంచు మీదుగా, అమెరికాలో ఒమాహా పక్కనుంచి టెక్సస్‌కి దిగుతుంది.

ఈ దారిలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. గమ్యం భూగోళానికి అటు పక్క ఉన్నప్పుడు ఏ వైపు నుంచి వెళ్లినా దూరం పెద్దగా మారదు. దోహా మీదుగా వెళ్తే హైదరాబాద్–దోహా 2,910 కి.మీ., దోహా–డాలస్ 12,740 కి.మీ., మొత్తం 15,650. దుబాయ్ మీదుగా 2,550, 12,920 కలిపి 15,470. లండన్ మీదుగా 7,750, 7,640 కలిపి 15,390. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినా దాదాపు అంతే. అన్నిటికీ మధ్య తేడా 300 కి.మీ. లోపు, అంటే విమానంలో ఇరవై నిమిషాలు. కాబట్టి ఏ ఊరి మీదుగా వెళ్తే దగ్గర అన్న ఆలోచన పక్కన పెట్టండి. ఎక్కడ ఆగితే మీ అమ్మానాన్నలకి సుఖంగా ఉంటుందో అది చూడండి. దోహా, దుబాయ్ అయితే మొదటిది నాలుగు గంటల చిన్న ప్రయాణం, రెండోది 16 గంటల పెద్ద ప్రయాణం. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే రెండూ ఇంచుమించు పది పది గంటలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి మధ్యలో కాళ్లు చాపుకునే రెండో పద్ధతి నయమని నా అభిప్రాయం. ఒకసారి నిద్ర పడితే ఎనిమిది గంటలు లేవని మనుషులైతే గల్ఫ్ దారి మంచిది.

ఆగకుండా వెళ్లే విమానం ఎందుకు లేదు అని కూడా చాలామంది అడుగుతారు. విమానం అంత దూరం ఎగరలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఏకబిగిన 15,300 కి.మీ. పైగా ఎగిరే విమానం ఉంది. బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో దాదాపు 14,000 కి.మీ. దూరాన్ని ఎయిరిండియా 2021 జనవరిలో మొదలుపెట్టింది. అదే నెలలో హైదరాబాద్ నుంచి 13,280 కి.మీ. దూరంలోని షికాగోకి కూడా నేరుగా వేసింది, కొన్నాళ్లకి ఆపేసింది. అంత దూరం వెళ్లే విమానాలు ప్రపంచంలోనే కొన్ని. పైగా చివరి గంటల్లో కాల్చే ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకుపోవాలి, మోయడానికే మళ్లీ ఇంధనం ఖర్చవుతుంది. దూరం పెరిగే కొద్దీ ఈ ఖర్చు నిటారుగా పెరుగుతుంది, సీట్లు, సరుకు తగ్గించుకోవాల్సి వస్తుంది.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. రన్‌వే 4,260 మీటర్లు, పొడుగుకి లోటు లేదు. కానీ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి పలచబడుతుంది, రెక్కలకి బలం తగ్గుతుంది, ఇంజిన్ శక్తీ తగ్గుతుంది. నిండు ఇంధనంతో లేవాలంటే అర్ధరాత్రి తర్వాత చల్లబడ్డ వేళే మేలు. గల్ఫ్, యూరప్ విమానాలు చాలావరకు తెల్లవారుజామున బయలుదేరడానికి మాత్రం మొదటి కారణం అవతలి హబ్‌లో, అంటే ప్రయాణికులు విమానం మారే పెద్ద ఎయిర్‌పోర్టులో, కనెక్షన్లు కలపడం.

వెళ్లేటప్పుడు ఎక్కువ, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకు? భూమి తిరుగుతోంది కాబట్టి ఈ తేడా వస్తుందని కొందరు అనుకుంటారు. అలా కాదు, భూమితో పాటు గాలీ తిరుగుతుంది. అసలు కారణం జెట్ స్ట్రీమ్. ధ్రువాల దగ్గరి చలికీ ఉష్ణమండలపు వేడికీ ఉన్న తేడా వల్ల, భూభ్రమణం వల్ల విమానాలు ఎగిరే 9 నుంచి 12 కి.మీ. ఎత్తులో పడమర నుంచి తూర్పుకి గాలి పెద్ద నదిలా పారుతూ ఉంటుంది. చలికాలంలో దాని నడిమధ్య వేగం గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. గోదావరిలో పడవ భద్రాచలం నుంచి రాజమండ్రికి దిగడానికి, ఎదురెక్కడానికి ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే. ఇంజిన్ అదే పని చేస్తుంది, నేల మీద జరిగే దూరం మారిపోతుంది.

మా ఫ్లైట్ ప్లాన్ కాగితం మీద దీనికి ఒక గడి ఉంటుంది. దారి పొడుగునా గాలి సగటున ఎంత సాయం చేస్తోంది, ఎంత అడ్డుపడుతోంది అన్నది అక్కడ ఒక్క అంకెలో రాసి ఉంటుంది. డాలస్ వెళ్లే విమానానికి మైనస్ 35 నాట్లు అని ఉందనుకోండి, అంటే మొత్తం దారికి సగటున గంటకు 65 కి.మీ. ఎదురుగాలి. విమానం తన సొంత వేగం గంటకు 905 కి.మీ. అయితే నేల మీద 840 మాత్రమే. 12,740ని 840తో భాగిస్తే 15 గంటల 10 నిమిషాలు గాల్లోనే. వచ్చేటప్పుడు ప్లస్ 35 అయితే 970 వేగం, 13 గంటల 10 నిమిషాలు. రెంటికీ నేల మీద కదిలే సమయం, దిగే ముందు క్యూ అన్నీ కలిపితే మీ టికెట్ మీద కనిపించే 16 గంటల పైన, 14న్నర గంటలు వచ్చేస్తాయి. ఆ రెండు గంటల తేడా అంతా గాలిదే.

విమానంలో సీటు ముందున్న స్క్రీన్ మీద మ్యాప్ పెట్టుకుంటే ఇది కళ్లారా కనిపిస్తుంది. వెళ్లేటప్పుడు గ్రౌండ్ స్పీడ్ 800, 820 దగ్గర తచ్చాడుతుంది. తిరుగు ప్రయాణంలో అట్లాంటిక్ మీద 1,050 కూడా చూపిస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను వల్ల జెట్ స్ట్రీమ్ విజృంభించినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వెళ్లిపోయింది. మామూలుగా ఆ ప్రయాణం ఆరున్నర గంటల దాకా ఉంటుంది.

ఈ గాలి వల్లే రోజూ దారి మారుతుంది. ఒక రోజు ఐస్‌లాండ్ దక్షిణంగా పంపిన విమానాన్ని మర్నాడు గ్రీన్‌లాండ్ నడిమధ్య మీదుగా పంపేవాళ్లం. మ్యాప్ మీద దూరం 300 కి.మీ. ఎక్కువైనా జెట్ స్ట్రీమ్ నుంచి తప్పుకుంటే ఇరవై నిమిషాలు కలిసొచ్చి, టన్నుల కొద్దీ ఇంధనం మిగిలేది. బోయింగ్ 777 లాంటి పెద్ద విమానం గంటకు ఏడెనిమిది టన్నులు తాగుతుంది, మిగిలినదంతా డబ్బే. మేం దూరం తక్కువున్న దారి కోసం కాదు, టైమూ ఇంధనమూ తక్కువయ్యే దారి కోసం వెతికేవాళ్లం. మీ నాన్నగారు ఫోన్‌లో విమానాన్ని చూస్తూ "ఇదేంటి, ఇంత పైకి పోతోంది?" అని అడిగితే ఇదే చెప్పండి.

మన దక్కన్ మీద ఒక విశేషం ఉంది, ఇది నాకు ఇష్టమైన సంగతి. వానాకాలంలో, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా, దక్షిణ భారతం మీద పై ఎత్తుల్లో గాలి తిరగబడి తూర్పు నుంచి పడమరకి వీస్తుంది. ఈ తూర్పు జెట్ గురించి ప్రపంచానికి తెలియజెప్పిన వాళ్లలో మన వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం ముఖ్యులు, 1950లలో దాని మీద పరిశోధన చేశారు. దాని అసలు బలం విమానాలు ఎగిరే ఎత్తుకి ఇంకా పైన ఉంటుంది గానీ, ప్రభావం కింద కూడా తెలుస్తుంది. జూలైలో హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా వెళ్లే విమానానికి బయలుదేరిన మొదటి గంటన్నర వెనకగాలి దొరుకుతుంది. జనవరిలో అదే దారిలో ఎదురుగాలి. అందుకే చలికాలం షెడ్యూల్‌లో, ఎండాకాలం షెడ్యూల్‌లో ఒకే విమానానికి పది పదిహేను నిమిషాలు తేడా కనిపిస్తుంది. ప్రపంచమంతా విమానాల టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లు, మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుతుంది. మీరు ఇప్పుడు కొన్న టికెట్ ఆ తేదీ దాటాక ప్రయాణానికి అయితే టైమ్ మారిందేమో మళ్లీ చూసుకోవాలి.

దారి మారడానికి ఇంకో కారణం మూసుకున్న ఆకాశాలు. 2022 ఫిబ్రవరి నుంచి ఉక్రెయిన్ మీద పౌర విమానాలు ఎగరడం లేదు. అమెరికా, కెనడా, చాలా యూరప్ దేశాల విమానాలకి రష్యా తన గగనతలాన్ని మూసింది. 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకి పాకిస్తాన్ మూసింది. మన విమానాలు ఉత్తర భారతం నుంచి యూరప్, అమెరికా వెళ్లడానికి దాంతో దారి పెరిగింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి వెళ్లే దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి ఆ దెబ్బ తగల్లేదు. కానీ గల్ఫ్‌కే వేరే చిక్కులున్నాయి. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటల పాటు తన గగనతలాన్ని మూసేస్తే దోహా మీదుగా వెళ్లాల్సిన వాళ్లు ఎక్కడికక్కడ చిక్కుకుపోయారు. పశ్చిమాసియాలో ఉద్రిక్తతలు పెరిగిన రోజుల్లో టికెట్ కొనేముందు ఇది కూడా చూసుకోవడం మంచిది.

ఇప్పుడు మధ్యలో ఆగే సమయం. మీ ఎంపికంతా నిజానికి దీని మీదే ఆధారపడి ఉంది. సైట్లు తక్కువ సమయం టికెట్‌ని పైన చూపిస్తాయి. గంటా పది నిమిషాల కనెక్షన్ ఉన్నది చూసి సంబరపడి కొనేస్తారు. పెద్దవాళ్లకి, అదీ మొదటిసారికి, అది వద్దు. రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండాలి. అమెరికా వెళ్లే విమానాలకి గేటు దగ్గర పత్రాలు, బ్యాగులు అదనంగా తనిఖీ చేస్తారు, బోర్డింగ్ గంట ముందే మొదలవుతుంది. వీల్‌చైర్ మనిషి ఇంకో ఇద్దరు ముగ్గుర్ని కూడా తీసుకెళ్లాలి కాబట్టి కాసేపు కూర్చోబెడతాడు. దోహా, దుబాయ్ టెర్మినళ్లు నడిచేకొద్దీ వస్తూనే ఉంటాయి.

మొదటి విమానం ఆలస్యమైతే రెండోది ఆగుతుందా అని అడుగుతారు. ఆ నిర్ణయాలు తీసుకునే గదిలోనే కూర్చుని పనిచేశాను కాబట్టి చెప్తాను. ఎంతమంది కనెక్షన్ ప్రయాణికులున్నారు, వాళ్లకి తర్వాత ఎప్పుడు విమానం ఉంది అన్నది చూస్తారు. కానీ 16 గంటల ప్రయాణానికి పైలట్లు, సిబ్బంది డ్యూటీ గంటలు దాదాపు అంచు దాకా వచ్చేస్తాయి. అరగంట ఆపితే అవతల దిగేలోపు వాళ్ల పరిమితి దాటిపోవచ్చు. అందుకని చిన్న దూరం విమానాన్ని ఆపినంత తేలిగ్గా అమెరికా విమానాన్ని ఆపరు. పదిహేను నిమిషాలు ఆపడం చూశాను, గంట ఆపడం బహు అరుదు. తప్పిపోతే ఒకే టికెట్ మీద ఉన్నవాళ్లకి సంస్థే తర్వాతి విమానంలో సీటిచ్చి, అవసరమైతే హోటల్ ఇస్తుంది. హైదరాబాద్–దుబాయ్ ఒక టికెట్, దుబాయ్–డాలస్ ఇంకో టికెట్ విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ ఉండదు. నాలుగు వేలు మిగులుతాయని అలా చేయకండి. సామాను కూడా దుబాయ్‌లో తీసుకుని మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది, దానికి అక్కడి ఎంట్రీ రూల్స్ వేరే.

రెండు చోట్ల ఆగే టికెట్ తీసుకుంటే, ఉదాహరణకి దుబాయ్, న్యూయార్క్ మీదుగా డాలస్ అయితే, అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ అవుతాయి. అక్కడ సామాను బెల్ట్ మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. ఇంగ్లిష్ తడబడే పెద్దవాళ్లకి ఇది పెద్ద పరీక్ష. అబుదాబి మీదుగా అయితే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. అమెరికాలో దిగాక లోకల్ ప్రయాణికుల్లా బయటికి వస్తారు. అది సుఖమే గానీ అబుదాబిలో అందుకు ఇంకో గంట ఎక్కువ పెట్టుకోవాలి. యూరప్ మీదుగా అయితే భారత పాస్‌పోర్టుకి ట్రాన్సిట్ వీసా కావాలా, అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉందా అన్నది ఆయా దేశం అధికారిక సైట్‌లో టికెట్ కొనేముందే చూడండి. ఈ రూల్స్ మారుతుంటాయి.

తేదీల గందరగోళం. టికెట్ మీద ఉండే టైమ్‌లన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. డాలస్ మనకంటే వేసవిలో 10న్నర గంటలు, చలికాలంలో 11న్నర గంటలు వెనక. వాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మనం జరపం.

ఒక ఉదాహరణ. జూన్‌లో శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకి హైదరాబాద్‌లో విమానం ఎక్కి, 22న్నర గంటల ప్రయాణం చేశారనుకోండి. మన టైమ్ ప్రకారం శనివారం తెల్లవారుజామున 2:30. అందులోంచి 10న్నర గంటలు తీసేస్తే డాలస్‌లో శుక్రవారం సాయంత్రం 4. అంటే బయలుదేరిన రోజే దిగుతారు. తిరుగు ప్రయాణం చూడండి. శుక్రవారం రాత్రి 7కి డాలస్‌లో బయలుదేరితే మనకి అప్పటికే శనివారం ఉదయం 5:30. దానికి 21 గంటలు కలిపితే ఆదివారం తెల్లవారుజామున 2:30కి శంషాబాద్. శుక్రవారం బయలుదేరి ఆదివారం దిగడం అన్నమాట. టికెట్‌లో వచ్చే టైమ్ పక్కన చిన్నగా ప్లస్ 2 అని ఉంటుంది, అదే ఇది.

అర్ధరాత్రి దాటిన టైమ్‌ల దగ్గరే అందరూ పొరబడేది. 7వ తేదీ 4 గంటల విమానమంటే 6వ తేదీ రాత్రి ఇంట్లోంచి బయలుదేరాలి. మా బంధువుల్లో ఒకాయన 7వ తేదీ రాత్రి భోజనం చేసి తీరిగ్గా బయలుదేరబోతుంటే విమానం ఆ తెల్లవారుజామునే వెళ్లిపోయిందని తేలింది. ఇంట్లో క్యాలెండర్ మీద విమానం తేదీ కాకుండా "ఇంటి నుంచి బయలుదేరే రోజు" రాసి పెట్టండి. శంషాబాద్‌కి మూడున్నర గంటలు ముందు చేరేలా చూసుకోండి. పండగలు, సెలవుల సీజన్ అయితే నాలుగు గంటలు.

చిన్న రూట్లకి ఈ గంటల లెక్క ఎలా పనిచేస్తుందో కూడా ఒక్క మాట, ఎందుకంటే మీలాగే చాలామంది విశాఖ గురించి అడుగుతుంటారు. హైదరాబాద్–విశాఖ గాల్లో 510 కి.మీ. మాత్రమే. టికెట్ మీద గంటా 10, గంటా 20 నిమిషాలు రాసి ఉంటుంది. ఎగిరేది యాభై నిమిషాలు, అటూ ఇటూ. మిగతాది విమానం వెనక్కి నెట్టిన క్షణం నుంచి రన్‌వే దాకా నడిచే సమయం, అవతల దిగి ఆగే దాకా పట్టే సమయం, కొంచెం ఆలస్యం అయినా టైమ్‌కి చేరినట్టు ఉండాలని కలిపిన అదనం. ఇంట్లో ఎవరైనా అడిగితే దూరాన్ని 850తో భాగించి 35 నిమిషాలు కలపండి, చాలా రూట్లకి దగ్గర దగ్గరగా సరిపోతుంది. పడమరకి దూర ప్రయాణమైతే పైన అరగంట, ముప్పావుగంట వేసుకోండి. తూర్పుకి అయితే గంట దాకా తీసేయండి.

డాలస్‌లో దిగేటప్పటి సంగతి ఇంకొకటి. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో టెక్సస్‌లో మధ్యాహ్నం, సాయంత్రం ఉరుముల తుపాన్లు హఠాత్తుగా లేస్తాయి. ఏడు రన్‌వేలున్న అంత పెద్ద ఎయిర్‌పోర్టు కూడా గంటా గంటన్నర చేతులెత్తేస్తుంది. 16 గంటలు ఎగిరొచ్చిన విమానానికి గాల్లో చక్కర్లు కొట్టడానికి ఇంధనం పరిమితంగానే ఉంటుంది. కాబట్టి ఆస్టిన్‌కో హ్యూస్టన్‌కో వెళ్లి, ఇంధనం నింపుకుని, వాన తెరిపిచ్చాక డాలస్‌కి వస్తుంది. ప్లాన్‌లో ముందే ఆ ఊళ్ల పేర్లు రాసి, అక్కడిదాకా వెళ్లి ఇంకో అరగంట ఎగిరేంత ఇంధనం వేసే పంపిస్తాం. ఇలాంటి రోజుల్లో ప్రయాణికుల పిల్లలు విమానం మ్యాప్ మీద హ్యూస్టన్ వైపు తిరగడం చూసి బెంబేలెత్తి ఫోన్లు చేసేవాళ్లు. అది ప్రమాదం కాదు, రోజువారీ పనే. మీ అమ్మానాన్నలకి ముందే చెప్పండి: మధ్యలో ఎక్కడైనా దిగినా, దిగమని సిబ్బంది చెప్పేదాకా సీట్లోనే కూర్చోండి, ఊరు వచ్చేసిందని సామాను దించుకోవద్దని. ఆ వేళ టికెట్ మీద టైమ్ కంటే మూడు నాలుగు గంటలు ఆలస్యం కావడం ఉంటుంది.

మామూలు రోజున అయితే విమానం దిగాక ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ దాటి బయటికి రావడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. దిగిన పావుగంటకే ఫోన్ ఎత్తట్లేదని కంగారు పడకండి. ఇమిగ్రేషన్ హాల్లో ఫోన్ వాడనివ్వరు, వాళ్ల సిమ్ కూడా అప్పటికి పనిచేయకపోవచ్చు.

ఆరోగ్యం విషయంలో డాక్టర్‌ని కాదు కాబట్టి ఎక్కువ చెప్పను. ఇన్సులిన్, బీపీ మాత్రలు వేసుకునే వాళ్లయితే ఏ గడియారం ప్రకారం వేసుకోవాలో డాక్టర్‌ని అడిగి, "హైదరాబాద్ టైమ్ ఇన్ని గంటలకి" అని కాగితం మీద రాయించి చేతి సంచిలో పెట్టండి. మందులు చెక్-ఇన్ సూట్‌కేసులో వేయొద్దు. రెండు గంటలకోసారి లేచి నడవమనండి, అందుకని నడవా పక్క సీటు తీసుకోండి. వీల్‌చైర్, షుగర్ భోజనం కావాలంటే కనీసం రెండు రోజుల ముందు సంస్థకి చెప్పి, రెండు విమానాలకీ నమోదైందో లేదో అడగండి. మొదటి విమానానికి మాత్రమే పెట్టి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు.

మీరు పెట్టిన మూడు టికెట్లలో నేనైతే 26 గంటలది కూడా చూస్తాను, దాని కనెక్షన్ ఐదారు గంటలకి మించకపోతే. 22 గంటల దాన్లో మధ్యలో గంటన్నర లోపే ఉందనిపిస్తోంది, ఆ లేఓవర్ ఎంతో చూసి చెప్పండి. 31ది వదిలేయండి, పది గంటలు కుర్చీలో గడపడం వాళ్లకి విమానం కంటే ఎక్కువ అలసట. కొనేముందు రెండో విమానం నంబర్ ఇక్కడ పెడితే అది ఏ టెర్మినల్ నుంచో, రోజూ ఉంటుందో వారానికి కొన్ని రోజులేనో చూసి చెప్తాను. వారానికి కొన్ని రోజులే ఉండే విమానమైతే కనెక్షన్ తప్పినప్పుడు మర్నాటికి కూడా సీటు దొరకదు.